అమ్మ పుస్తకంలో మాత్రం

ఆదివారం ఉదయం బైండరు మొహం కడుక్కుని వంటగది గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. లోపల ఎవరూ లేరు. స్టవ్ మీద నీళ్లు మరుగుతున్నాయి. అయినా ఒక ఊపిరి తీసుకునేంతసేపు ఆగి, అప్పుడు అడుగు లోపల పెట్టాడు. పెట్టాక గానీ తానేం చేశాడో తెలిసిరాలేదు. తన మీద తనకే ఒళ్లు మండింది.

అది మంచురేవు వాళ్ల అలవాటు. మంచురేవు అనే ఊరు భూమ్మీద లేదు, అయిదు సంపుటాల కథలో ఉంది. అక్కడ మనిషి పోతే ఇంట్లోవాళ్లు ప్రతి గుమ్మం దగ్గరా ఆగి "ఉన్నావా?" అని అడిగి, ఒక ఊపిరి కాచుకుని, అప్పుడు లోపలికి వెళతారు. పోయినవారి కుర్చీని బల్ల దగ్గర కొంచెం వెనక్కి లాగి ఉంచుతారు. అన్నిటికంటే ముఖ్యం, ఇల్లు ఒక్క క్షణం కూడా ఖాళీగా వదలరు. ఖాళీ ఇంట్లోకి మంచు వస్తుందట. మంచు నిండిన ఇంటిని పోయినవారు గుర్తుపట్టలేరట.

ఊళ్లో సగంమందికి ఆ కథ పిచ్చి పట్టింది. మందుల షాపులో అమ్మాయి చీటీ అందుకునే ముందు అరచెయ్యి గుండెకు ఆనించేది, అది రేవు వాళ్ల పలకరింపు. కిటికీ గట్ల మీద కాగితం పడవలు వెలిశాయి. బట్టల కొట్లలో రేవు వాళ్ల బూడిదరంగు శాలువాలు వేలాడాయి. వెన్ను విరిగిన ఆ సంపుటాలు బైండరు దుకాణానికి రోజూ వచ్చేవి. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే కాబట్టి కుట్టి ఇచ్చేవాడు. ఒక్క లైను చదవలేదు. ఎందుకు చదవవని ఎవరైనా అడిగితే, చెప్పులు కుట్టేవాడు ఊరందరి చెప్పులూ తొడుక్కుని చూస్తాడా అనేవాడు.

చదివింది ఆయన భార్య. మొత్తం అయిదూ పదిసార్లు చదివి ఉంటుంది. ఆమె పోయి పదకొండు నెలలైంది.

బల్ల దగ్గర ఆమె కుర్చీ వెనక్కి లాగి ఉంది. బైండరు దాన్ని కాలితో లోపలికి తోసి, టీ వడపోసుకోవడానికి స్టవ్ దగ్గరికి వెళ్లాడు. కూతురు స్నానం చేస్తోంది, నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. గ్లాసు పట్టుకుని తిరిగి వచ్చేసరికి కుర్చీ మళ్లీ వెనక్కి లాగి ఉంది. నిలబడి చూశాడు. తోశానా, తోశాననుకున్నానా? లేక తోసి, నా చేత్తోనే మళ్లీ లాగానా? పొద్దున గుమ్మం దగ్గర ఆగిన కాళ్లు తనవే కదా. గ్లాసు అక్కడే పెట్టేశాడు.

కూతురికి ఇరవై ఆరేళ్లు. రక్తపరీక్షల ల్యాబులో పని. సూది గుచ్చితే పసిపిల్లలు కూడా ఏడవరని పేరు తెచ్చుకుంది. తల్లి పోయిన రెండో నెల నుంచి సెలవు మీద సెలవు పెడుతూ ఇంట్లోనే ఉండిపోయింది. తండ్రి దుకాణానికి వెళితే ఆమె ఇంట్లో. ఆమెకు ఏదైనా కొనాల్సి వస్తే ఆయన తిరిగొచ్చాక. ఇద్దరూ కలిసి గడప దాటి తొమ్మిది నెలలు. బైండరు మొదట్లో కోప్పడ్డాడు. తర్వాత మాట్లాడటం మానేశాడు. ఆయన కోపం ఎప్పుడూ అలాగే ముదిరేది.

తొమ్మిదింటికి అక్క వచ్చింది. ఆయనకంటే ఆరేళ్లు పెద్ద, నోట్లో నువ్వుగింజ నానదు. వీధి గుమ్మంలో నిలబడి "ఉన్నావా?" అని, కాస్త ఆగి లోపలికి వచ్చింది. తమ్ముడి చూపు చూసి, ఏం చేయను, అలవాటైపోయిందిరా, నిన్న బ్యాంకు మేనేజరు గది ముందు కూడా అన్నాను, పాపం ఆయన ఉన్నానమ్మా అన్నాడు అని చెప్పింది. ఆమె కూడా గ్రంథాలయం నుంచి తెచ్చుకుని అయిదు సంపుటాలూ చదివింది. చదివి తిరిగి ఇచ్చేసింది. అంతవరకే.

ఆమె వచ్చింది కబురు మోసుకుని. ల్యాబు పెద్దావిడ నిన్న బజారులో కనిపించిందట. రేపు ఉదయం ఎనిమిదింటికి అమ్మాయి వచ్చి కూర్చుంటే సరే, లేకపోతే ఆ కుర్చీలో వేరే అమ్మాయి కూర్చుంటుంది, ఇక అడగొద్దు అందట.

కూతురు తడి జుట్టు తుడుచుకుంటూ అంతా విన్నది. ఎంతో మామూలుగా, "నేను రాలేనని చెప్పు అత్తా," అంది.

"ఎందుకు రాలేవో అది కూడా నేనే చెప్పాలా? ఆ సంగతి చెబితే నా రక్తం తీసి పరీక్షకు పంపుతారు."

"నాన్న దుకాణానికి వెళతాడు. ఇల్లు ఖాళీ అవుతుంది. అమ్మ వస్తే?"

అది అన్న తీరును బైండరు తట్టుకోలేకపోయాడు. ఏడుస్తూ అంటే తట్టుకునేవాడు. పాలు తెచ్చేవాడు వస్తే ఎవరు తీసుకుంటారు అన్నట్టు అంది.

అక్క చాలాసేపు చెప్పి చూసింది. బుజ్జగించింది, బెదిరించింది, పుస్తకాలు చదివితే మతి వస్తుందన్నారు గానీ ఉన్నది పోతుందని ఎవరూ చెప్పలేదని దెప్పింది. చివరికి తాను చదివిన కథనే తెచ్చి ఎదురు పెట్టింది. మూడో సంపుటంలో పడవ నడిపే తల్లి మంచులోకి వెళ్లి చనిపోతుంది కదా, కూతురు ఎంత కాచుకున్నా రాదు కదా, నువ్వు నమ్మే కథే నీకు ఆ మాట చెబుతోంది కదా తల్లీ అంది.

"మీ పుస్తకాల్లో రాదు," అంది కూతురు. "ఫోనులో ఈ కథ చదివేవాళ్ల గ్రూపు ఉంది, అక్కడ కూడా అందరూ అదే అంటారు. అమ్మ పుస్తకంలో మాత్రం వస్తుంది."

గదిలోకి వెళ్లి మూడో సంపుటం తెచ్చింది. ముదురు నీలం క్యాలికో గుడ్డ అంటించిన అట్ట. బైండరు తన పని గుర్తుపట్టాడు. చూడకుండానే పేజీ తెరిచి ఆమె చదవసాగింది.

"'పడవ ఖాళీగా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. తెడ్డుకు తల్లి శాలువా చుట్టి ఉంది. రేవు పెద్దలు గంట కొట్టి ఆమె పేరు చెరిపేశారు. కూతురు ఒంటరిగా ఇంటికి వచ్చి తలుపు తీసింది. లోపల తల్లి కూర్చుని ఉంది. రా, జడ చిక్కుపడింది అని దువ్వెన అందుకుంది.'"

అక్క ముంజేతి మీద రోమాలు లేచి నిలబడ్డాయి. పుస్తకం లాక్కుని తానే చదివింది. ముందు పేజీ చూసింది, వెనక పేజీ చూసింది. "ఇది నేను చదివినదాంట్లో లేదురా," అంది. గొంతులో వేళాకోళం లేదు. "ఆ చివరి మాట లేదు. ఒట్టు."

కుర్చీ వైపు ముగ్గురూ ఒకేసారి చూశారు.

బైండరు చెయ్యి చాచి పుస్తకం తీసుకున్నాడు. ఆయన చదవలేదు. బొటనవేలితో వెన్ను తడిమాడు, పేజీల అంచు వంచి వదిలాడు. కళ్లకంటే ముందు వేళ్లకు తెలిసిపోయింది. మింగలేక కక్కలేక అలా నిలబడ్డాడు. ఊరుకుంటే తన పనితనం తనకుంటుంది. ముప్పై ఏళ్లలో ఒక్క పుస్తకం వెనక్కి రాలేదని అందరికీ చెప్పుకునే మనిషి. చెబితే ఆ పరువు పోతుంది, దాంతోపాటు ఈ పిల్లకు తల్లి రెండోసారి పోతుంది. ఊరుకుంటే ఈ పిల్ల ఈ గదుల్లోనే ముసలిదవుతుంది.

"తప్పు నాది," అన్నాడు. "ఫారం తారుమారు చేశాను."

వాళ్లకు అర్థం కాలేదు. కూర్చుని చెప్పాడు. పుస్తకం అంటే పదహారేసి పేజీల మడతలు. ఒక్కో మడత ఒక ఫారం. వరసగా పేర్చి కుట్టాలి. ఆసుపత్రిలో ఉన్నప్పుడు భార్య ఈ పుస్తకం ఇచ్చి, పేజీలు ఊడిపోతున్నాయి, బాగుచేసి తెమ్మంది. నీళ్లు పడి కింది అంచంతా మరకలు. దుకాణానికి బయలుదేరుతుంటే డాక్టరు పిలిచి, ఇక ఇంటికి తీసుకెళ్లినా ఒకటే అన్నాడు. ఆ మాట చెవిలో పెట్టుకునే ఆ పూట కుట్టాడు. మరక పోవాలని కింది అంచు లోతుగా కోశాడు. పేజీల అంకెలు, ఫారాల గుర్తులు ఆ కోతలో పోయాయి. జడ వేసే భాగం చావుకు ముందు రావాలి. వెనకపడింది.

"అబద్ధం," అంది కూతురు. "నన్ను పంపడానికి చెబుతున్నావు. మాట అలా అతుకుతుందా?"

"అతికింది. నేను అతికించలేదు."

పని పెట్టె తెచ్చి, చాకుతో కుట్టు తెంచాడు. నీలం అట్ట ఊడి పక్కకు పడింది. ఫారాలన్నీ బల్ల మీద పరిచాడు. మడత లోపలి వైపు కోతకు చిక్కని తడి మరక మిగిలి ఉంది. మొదటి ఫారంలో అరచేయంత, తర్వాత దానికంటే చిన్నది, తర్వాత ఇంకా చిన్నది. ఒక్క ఫారంలో మాత్రం మరక ఉన్నట్టుండి మళ్లీ పెద్దదైంది. దాన్ని తీసి నాలుగు ఫారాల ముందు పెట్టాడు. మరక వరస కుదిరింది. కథ కూడా.

కూతురు ఆ మరకల వైపు చాలాసేపు చూసింది. రక్తం బొట్టులో రోగం పసిగట్టే పిల్ల, ఇది తెలియకుండా ఉంటుందా. కానీ ఆమె ఏడవలేదు.

"మరి అమ్మ ఎందుకలా అంది?" అంది. "నేనే కదా ఆమెకు చదివి వినిపించింది. ఇక్కడికి రాగానే ఆపమంది. మళ్లీ చదవమంది. రెండుసార్లు విని నవ్వింది. 'ఇది ఇలాగే ఉండనీ, మీ నాన్నతో మాత్రం అనకు' అంది. ఆమె నాకు మాట ఇచ్చిందనుకున్నాను. తిరిగి వస్తానని."

బైండరు చేతిలోని ఫారం బల్ల మీద పెట్టేశాడు. అక్క మెల్లగా అతని భుజం మీద చెయ్యి వేసింది.

"పదిసార్లు చదివిన మనిషిరా. ఆమెకు తెలియదా తప్పెక్కడుందో? నీ పనికి వంక పెట్టడం ఇష్టం లేకపోయింది. పోతూ పోతూ కూడా నీ పరువు కాచింది."

ఆయన ఎవరినీ క్షమించే రకం కాదు. డాక్టరును క్షమించలేదు, దేవుణ్ని క్షమించలేదు, ఏడవకుండా తిరుగుతున్న కూతుర్ని క్షమించలేదు. తనను ఒకరు క్షమించి పదకొండు నెలలైందని, ఆ సంగతి తనకు తెలియనివ్వకుండానే వెళ్లిపోయారని ఇప్పుడు తెలిసింది. పెద్దగా శబ్దం చేసి ఏడ్చాడు. ఆసుపత్రిలో కూడా అలా ఏడవలేదు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని సూది తీసుకున్నాడు. కళ్లు మసకలు కమ్మి దారం ఎక్కలేదు. మూడుసార్లు తప్పింది. కూతురు సూది లాక్కుని తానే ఎక్కించి ఇచ్చింది. ఒక్కో ఫారం వరసలో అందించింది, ఆయన కుట్టాడు. అట్ట వేయకముందే ఆమె చావు పేజీ తీసి తండ్రి ముందు పెట్టి, "నా వల్ల కాదు. నువ్వు చదువు," అంది.

బైండరు చదువు పల్లెటూరి బడిలో అయిదో తరగతి. అక్షరం కింద వేలు పెట్టి, కూడబలుక్కుని చదివాడు. పడవ వచ్చింది. గంట మోగింది. "కూతురు ఒంటరిగా ఇంటికి వచ్చి తలుపు తీసింది. లోపల," అని ఆగి పేజీ తిప్పాడు. వేలు కదలలేదు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"చదువు నాన్నా."

"ఎవరూ లేరు," అని చదివాడు.

అప్పుడు ఏడ్చింది పిల్ల. బల్ల మీద వాలిపోయి, ఫారాల మీద నీళ్లు పడుతున్నా చూసుకోకుండా ఏడ్చింది. బైండరు పుస్తకం పక్కకు జరపలేదు. తడవనీ అనుకున్నాడు.

సోమవారం ఏడున్నరకు ఇద్దరూ కలిసి బయటికి వచ్చారు. ఆయన తాళం వేశాడు. వేశాక ఇద్దరూ అక్కడే నిలబడిపోయారు. లోపల ఏదైనా కదులుతుందేమో, ఎవరైనా పిలుస్తారేమో అన్నట్టు చెవులు రిక్కించారు. కుళాయి చుక్క కూడా వినపడలేదు. వీధి చివర బస్సు వచ్చి ఆగింది.

"నాన్నా, పద," అంది కూతురు. "ఆలస్యమైతే పెద్దావిడ తిడుతుంది."