నడిమింటి దూలం మీద

నేను బాగలూరులో ఎలక్ట్రీషియన్‌ని. పాత మిద్దె ఇళ్ళలో ఫ్యాన్లు బిగించాలంటే హోసూరు చుట్టుపక్కల చానామంది నన్నే పిలుస్తారు. కొత్త ఇళ్ళలో అది అరగంట పని. పాత ఇళ్ళలో ఒక పూట పడుతుంది. పైకప్పు పదహారు, పదిహేడు అడుగుల ఎత్తులో ఉంటుంది. ఆడ తిరిగే ఫ్యాను గాలి కిందికి రాదు. ఏడడుగుల రాడ్డు కోయించి, దూలానికి పట్టించి, ఊగకుండా దించాల. దూలం పుచ్చిందా, గట్టిగా ఉందా చూసేదానికి వడ్రంగి సోమప్ప నాతో వస్తాడు. పదిహేనేండ్లుగా నిచ్చెన మీద నేను, నిచ్చెన కింద ఆయన.

పోయిన ఏప్రిల్‌లో బేరిగై నుంచి ప్రశాంత్ అనే ఆయన ఫోన్ చేసినాడు. హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం, తాతల నాటి ఇంట్లో కాపురం. భార్య పూర్ణిమ నాలుగు నెలల బిడ్డతో పుట్టింటి నుంచి వచ్చిందంట. ఎండకు బిడ్డ నిద్రపోవడం లేదు, నడిమింట్లో ఒక ఫ్యాను వెయ్యమన్నాడు.

మేము పోయేసరికి పదకొండయింది. ప్రశాంత్ డ్యూటీకి పోయినాడు. ఇంట్లో పూర్ణిమ, బిడ్డ, ప్రశాంత్ వాళ్ళ అవ్వ బసవమ్మ ఉన్నారు. ఆ రోజు సాయంత్రం దాకా కరెంటు ఉండదని ముందే చెప్పినారు. నాకది మంచిదే.

నడిమిల్లు అంటే ఇంటికి నట్టనడుమ ఉండే గది. కిటికీలు లేవు. కప్పులో అరచేయంత గాజు పలక ఒకటుంది, దాన్నుంచి దిగే వెలుతురు నేల దాకా రాదు. మిగిలిన గదులన్నిటిలో ఫ్యాన్లున్నాయి. ఆ గదిలో మాత్రం ఎప్పుడూ వేసినట్టు లేదు. నుదుటికి లైటు కట్టుకొని పైకి చూసినాను. నల్లబడిన టేకు దూలం. దాని నడుమ బొటనవేలంత లావు ఇనుప కొక్కెం.

సోమప్ప ఎక్కి, దూలాన్ని సుత్తితో తట్టి చూసి దిగినాడు. చెద లేదు, ఇంకో వందేండ్లు ఉంటుందన్నాడు. అప్పుడు బసవమ్మ వాకిలి దగ్గరికొచ్చి నిలబడింది.

"ఆ కొక్కేనికి వద్దప్పా. పక్కన ఇంకొకటి కొట్టుకో."

ఉన్న కొక్కెం వదిలేసి మంచి దూలానికి కొత్త బొక్క ఎందుకని నచ్చజెప్పినాను. ఆమె కొక్కెం వైపు చూసి పెరట్లోకి పోయింది. పూర్ణిమ బిడ్డను దూరంగా, గోడవార చాప మీద పండబెట్టి, కాఫీ పెట్టుకొస్తానని వంటింట్లోకి పోయింది.

నేను నిచ్చెన ఎక్కినాను.

పైకి పోయేకొద్దీ పాత సున్నం వాసన, గబ్బిలాల కంపు. ఆ వాసనలు నాకు అలవాటే. చివరి మెట్టు దగ్గర ఇంకో వాసన తగిలింది. పాలు కక్కిన పసిబిడ్డ ఒంటి వాసన. కింద బిడ్డ ఉంది కదా అనుకున్నాను. అయితే బిడ్డ పదిహేడు అడుగుల కింద, గదికి ఆ మూలనుంది. వాసన నా మొహం పక్కనుంది.

కింద బిడ్డ నవ్వింది.

వంగి చూసినాను. పైకే చూస్తా ఉంది. నా వైపు కాదు. నాకు కొంచెం ఎడమగా. దాని కండ్లు నిదానంగా కదిలినాయి... దూలం వెంబడి, గోడ నుంచి నా దగ్గరికి.

గబ్బిలం ఏదో పాకుతుందిలే అనుకున్నాను. కొక్కెం బోల్టు దూలంలో నుంచి దూరి పైకి పోయి ఉంది, నట్టు దూలం నెత్తిన ఉంది. దూలానికి, కప్పుకు నడుమ నాలుగు వేళ్ళ సందు. తల దూరదు, చూసేదానికి లేదు. నట్టు గట్టిగా ఉందా అని ఎడమ చెయ్యి లోపలికి పెట్టి తడిమినాను. దుమ్ము. చల్లటి ఇనుము. నట్టు దొరికింది.

నా బొటనవేలిని ఏదో పట్టుకుంది.

మెత్తగా. తడిగా. వెచ్చగా... నాలుగు చిన్న వేళ్ళు.

నేను ఇద్దరు బిడ్డల్ని పెంచినాను. అరచేతిలో వేలు పెడితే పసిబిడ్డ ఎట్లా పట్టుకుంటుందో నాకు తెలుసు. అదే పట్టు.

చెయ్యి లాగినాను. వదల్లేదు. కింద నవ్వు ఆగిపోయింది. చూస్తే బిడ్డ రెండు చేతులూ పైకి చాపింది, ఎత్తుకోమన్నట్టు. దాని వీపు చాప నుంచి లేస్తా ఉంది... దాని చంకల కింద ఎవరో చేతులు వేసినట్టు.

"సోమప్పా," అన్నాను, గుసగుసగా. "బిడ్డను బయటికి తీసుకపో."

"నిచ్చెన వదిలితే పడిపోతావు."

"పడితే పడనీ. పో."

ఆయన తిరిగి చూసినాడు. నిచ్చెన వదిలి పరుగెత్తినాడు. బిడ్డను ఎత్తుకునేటప్పుడు అవతల నుంచి ఎవరో గుంజినట్టు తూలినాడు. మళ్ళీ గుంజుకొని వాకిలి దాటినాడు.

ఆ క్షణమే నా చెవి పక్కన ఏడుపు మొదలైంది. సన్నగా. ఆకలి ఏడుపు.

ఉలిక్కిపడినాను. నున్నటి నేల మీద నిచ్చెన కాళ్ళు జారినాయి. నిచ్చెన పోయి గోడకు కొట్టుకొని కింద పడింది. కుడి చేతిలో స్పానరు ఉంది, దేన్నీ పట్టుకోలేదు.

నేను పడలేదు.

గాలిలో వేలాడతా ఉన్నాను. డెబ్బై కిలోల మనిషిని. ఆ నాలుగు వేళ్ళే ఆధారం.

ఎంతసేపో తెలీదు. ఏడుపు మాత్రం నిలిచిపోయింది. వెచ్చటి ఊపిరి నా మణికట్టు మీద తగులుతా ఉంది. సోమప్ప తిరిగి వచ్చి, నిచ్చెన నా కాళ్ళ కింద పెట్టినాడు. కాళ్ళు ఆనిన తరువాత ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడిచినాయి.

బయట వాకిట్లో పూర్ణిమ బిడ్డను గుండెకు హత్తుకొని కూర్చుంది. బసవమ్మ నాకు నీళ్ళిచ్చింది. తరువాత చెప్పింది. ఆమె కోడలిగా రాకముందు ఆ కొక్కేనికి ఉయ్యాల కట్టేవాళ్ళంట. ఆమె మొగుని చెల్లెలు, ఆరు నెలల పసిది, ఒక మధ్యాహ్నం అందులో నిద్రపోతా ఉంది. తల్లి వాకిలికి అడ్డంగా కూర్చొని బియ్యం చెరుగుతా ఉంది. ఆమెను దాటుకొని ఎవరూ లోపలికి పోలేదు. లేచి చూస్తే ఉయ్యాల ఊగుతానే ఉంది. లోపల బిడ్డ లేదు.

"ఊరంతా వెదికినారంట," అంది బసవమ్మ. "బావులన్నీ వెదికినారు. పైకి మాత్రం ఎవరూ చూడలేదు."

నేను ఆడ ఫ్యాను వెయ్యలేదు. ప్రశాంత్ ఆ సాయంత్రమే అందరినీ హోసూరుకు, ఒక బాడుగ ఇంటికి తీసుకపోయినాడు. ఇప్పటికి పదినెలలయింది. బిడ్డ బాగుందని పూర్ణిమ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. బేరిగై ఇంటికి తాళం వేసినారు.

నా ఎడమ బొటనవేలి మీద నాలుగు గుర్తులు మిగిలినాయి, నల్లగా, బియ్యపు గింజలంత. డాక్టరు రక్తం గడ్డకట్టింది, నెలలో పోతుందన్నాడు. పోలేదు. శ్రావణానికి పెసరగింజలంత అయినాయి. దీపావళికి కందిగింజలంత. ఎవరికీ చెప్పకుండా గుడ్డ చుట్టుకొని పనికి పోతా ఉన్నాను.

నిన్న పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు నా భార్య నళిని నా కుడి చెయ్యి చూసి, వేలికి ఏమయిందని అడిగింది. చూసుకున్నాను. ఆ బొటనవేలి మీద కూడా నాలుగు గుర్తులున్నాయి, కొత్తవి. ఆమె ఎడమ చేతి గుడ్డ విప్పి, నా రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"మన బిడ్డలు నడక నేర్చుకునేటప్పుడు నీ వేళ్ళు ఇట్లనే పట్టుకునేవాళ్ళు," అంది.