మామ చెంప మీద గాట్లు

ఉదయం ఎనిమిదిన్నర. భర్తకు అన్నం డబ్బా కడుతున్న పద్మారాణి, మామ అంబదాస్ ముఖం చూసి ఆగిపోయింది. కుడి చెంప మీద సన్నని గాటు. గడ్డం కింద మొన్నటిది ఇంకా మానలేదు.

"ఇగో, ఇట్ల రా. మీ బాపు మొహం జూడు," అని భర్త నరహరిని పిలిచింది.

అంబదాస్ నలభై ఏళ్లు సూరత్ మరమగ్గాల మీద బతికినవాడు. నాలుగు నెలల కింద పక్షవాతంతో కుడి చెయ్యీ, కాలూ పడిపోయాయి. మాట ఆగి ఆగి వస్తుంది. ఆయనను చూసుకోవడానికి ఏజెన్సీ వాళ్లు పంపిన ఊర్మిళ అనే తెలుగమ్మాయి కామ్‌రేజ్ నుంచి రోజూ తొమ్మిదింటికి అమ్రోలిలోని వీళ్లింటికి వస్తుంది. వచ్చిన పది రోజులకే గదికి గడియ పెట్టడం మొదలుపెట్టింది.

"తానం చేయిస్తందేమో," అన్నాడు నరహరి.

"తానానికి గంట పడ్తదా? మొన్న అంగీ నిండ మెతుకులే. ఆమెనడిగితే నవ్వుతది, మామనడిగితే మొహం తిప్పుకుంటడు. బెదిరించింది గావచ్చు."

నరహరి జోల్వాలో డ్యూటీకని బయలుదేరి, తొమ్మిదిన్నరకు చప్పుడు చేయకుండా తిరిగొచ్చాడు. ఇద్దరూ తలుపుకు చెవి ఆనించారు.

"మళ్లా పట్టుకో తాతా, తొందరేం లేదు," అంటోంది ఊర్మిళ. ఏదో కింద పడింది. వెంటనే అంబదాస్ మూలుగు.

నరహరి తలుపు దబదబా బాదాడు. "తియ్యి! ఏం జేస్తున్నవ్ మా బాపును?"

"తియ్యాల్నా తాతా?" అని లోపల ఆమె నెమ్మదిగా అడగడం వినిపించి అతనికి ఇంకా మండింది. కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

అంబదాస్ అద్దం ముందు కూర్చుని ఉన్నాడు. ముఖం నిండా సబ్బు నురగ, వణుకుతున్న ఎడమ చేతిలో రేజర్, చెంప మీద నెత్తుటి బొట్టు.

"చెయ్యి నిలవనోనికి రేజర్ ఇస్తవా? నిన్ను పంపినోళ్లకు ఇప్పుడే ఫోన్ జేస్త," అని అరిచాడు నరహరి.

"గాట్లు పడ్తున్నయని మీకు చెప్పకపోవుడు నాదే తప్పు అన్నా. తాత వద్దన్నడు. ఎందుకో ఆయన్నే అడుగున్రి."

"మామ ఏం చెప్పగలడే?" అంది పద్మారాణి.

"చెప్తడక్కా. జర ఆగాలె, అంతే."

ఆగారు. అంబదాస్ పెదవులు రెండు మూడుసార్లు కదిలాయి. పద్మారాణి అలవాటుగా మాట అందించబోయి నోరు మూసుకుంది.

"మీసం... తీసేసిన్రు. నన్ను... అడగలే."

ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు మంగలిని పిలిపించింది పద్మారాణే. మీసానికి జావ అంటుకుంటోంది, కడగడం కష్టం, తీసెయ్యమంది. పెళ్లయిన నాటి నుంచి మామను మీసం లేకుండా ఆమె చూసింది లేదు. ఇప్పుడు ఆయన పై పెదవి మీద తెల్లని వెంట్రుకలు ఒత్తుగా మొలిచి ఉన్నాయి. ఇన్నాళ్లూ అది ఊర్మిళ నిర్లక్ష్యమే అనుకుంది. ఆ మీసం చుట్టూ మామే గీసుకుంటున్నాడు.

"అన్నం... నేనే తింట. పడ్డా సరే. నేర్చుకునేదాక... మీరు... చూడొద్దని..."

పద్మారాణి ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. "నాకు సులువైతదని చూసుకున్న మామా. నిన్నొక్క మాట అడగకపోతి." కన్నీళ్లు ఆగలేదు. "ఊర్మిళా, నిన్నేమేమో అనుకున్ననమ్మా."

నరహరి తువ్వాలు తీసుకుని తండ్రి ముఖం తుడవబోయి, మధ్యలో ఆగాడు.

"బాపూ... నన్ను తుడువమంటవా?"

అంబదాస్ తల అడ్డంగా ఊపాడు. మాట కోసం వెతుక్కున్నాడు. ఈసారి ముగ్గురిలో ఎవరూ అందించలేదు.

"అద్దానికి... అడ్డమున్నవ్. జరుగు."

నాలుగు నెలల్లో కొడుకును ఆయన గద్దించడం అదే మొదటిసారి. నరహరి ఏడుస్తూనే నవ్వి, పక్కకు జరిగాడు.