కష్కా-జర్ వాలులో మంచు తొక్కేదెవరు

కష్కా-జర్ వాలు పేరెత్తితే మా ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతున్నవాడు నవ్వు ఆపేస్తాడు. పొద్దు వాలాక అటు ఎవరూ గుర్రాన్ని తోలరు. పోయిన చలికాలం టోక్టోసున్ ముసలాయన అక్కడే పోయాడు — తాను నాటిన ఆపిల్ మొక్క పక్కనే, మోకాళ్ళ మీద, మంచులో.

ఈ ఏడు మొదటి మంచు పడిన రాత్రే చప్పుడు మొదలైంది. ధబ్... ధబ్... ఎవరో మంచు తొక్కుతున్నట్టు.

భయపడండి, వద్దనను. కానీ ఆ భయం ఎవరి కడుపు నింపిందో కూడా చెప్పుకోవాలి కదా! మనుషులు వెళ్ళడం మానేసిన చోటికి జింకలు వెళ్ళాయి, ఎలుకలు వెళ్ళాయి. మంచు వదులుగా ఉంటే ఎలుక దాని కిందే దారి తవ్వుకుంటూ మొక్క మొదలు దాకా వస్తుంది. చుట్టూ బెరడు కొరికేస్తుంది. వసంతంలో చూస్తే మొక్క నిలబడే ఉంటుంది — చచ్చి. అందుకే మంచు పడిన ప్రతిసారీ మొక్క చుట్టూ గట్టిగా తొక్కాలి. ముసలాయన పోయాక తొక్కేవాళ్ళు లేక ఒక్క చలికాలంలో సగం తోట పోయింది.

మిగిలిన సగం ఆయన కోడలు బురుల్చాది. మొగుణ్ణి గని మింగేసింది. ఇంట్లో అత్త ఉమ్‌సునాయ్, బయట ఆ మొక్కలు, అంతే ఆమె బతుకు. ఊరి పెద్దలు గడువు పెట్టారు: వసంతానికి తోట బతికి కనబడాలి, లేదంటే ఆ వాలు మళ్ళీ గొర్రెల మేతకే. గొర్రెలు ఎవరివి? సూయున్‌బాయ్‌వి.

బురుల్చా ఇంటింటా చిరిగిన మేజోళ్ళు అడుక్కొచ్చి మొక్కల కాళ్ళకి చుట్టింది. జింకలు మూతి పెట్టకుండా కొమ్మల చివర్లకి గొర్రె కొవ్వు పూసింది. అది చూసి సూయున్‌బాయ్ గుర్రం మీంచే నవ్వాడు.

"ఏం వదినా! పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చేస్తున్నావా? పెళ్ళికొడుకులొస్తార్లే, నాలుగు కాళ్ళతో!"

"వస్తే నీ పక్కన కూర్చోబెడతా. నువ్వూ ఆ జాతేగా," అంది బురుల్చా.

నోరుంది. కానీ రాత్రి ధైర్యం లేదు. మొదటి రెండు మంచులకీ ఆమె గడప దాటలేదు. ఈ మాట నాతో తానే చెప్పింది, తల దించుకుని.

మూడోసారి మోకాల్లోతు మంచు పడింది. తెల్లారేదాకా ఆగితే కింద ఎలుకలు పని కానిచ్చేస్తాయి. అత్త గదిలో దీపం ఆరిపోయి ఉంది. లేపడం ఎందుకని, ఒక్కతే గుర్రమెక్కింది.

వాలు మొదట్లోనే గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది.

ధబ్... ధబ్...

వెన్నెల్లో తోట చివర ఒక ఆకారం. మామగారి పొడవాటి గొర్రెతోలు కోటు. మామగారి బొచ్చుటోపీ. వీపు ఇటు.

బురుల్చా కళ్ళెం బిగించి పట్టుకుంది.

ఆ ఆకారం మొక్కల వరస దాటింది. లోయ అంచు వైపు నడుస్తోంది. అక్కడ మంచు నేలలాగే ఉంటుంది... కింద నేల ఉండదు.

అప్పుడు అది దగ్గింది.

ఆ దగ్గు బురుల్చా రోజూ గోడ అవతలి నుంచి వింటుంది. అత్తయ్యది!

"నిలకడ!" అని అరిచింది. "నిలకడ! నిలకడ!"

ముసలావిడ వెనక్కి కూడా చూడలేదు. ఎందుకు చూస్తుంది? మా దగ్గర కోడలు మామగారి పేరెత్తదు. ఆ పేరులో ఉన్న మాట కూడా పలకదు. మా భాషలో 'టోక్టో' అంటే ఆగు. మామగారేమో టోక్టోసున్. దాంతో పదిహేనేళ్ళుగా బురుల్చా గుర్రాన్ని ఆపాలన్నా 'నిలకడ' అనే అంటోంది. కోడలు గుర్రంతో మాట్లాడుతోందనుకుని అత్త ఇంకో అడుగు వేసింది.

ఇంకొకటి...

"టోక్టో!"

కొండలు మారుమోగాయి. ముసలావిడ ఆగింది. ఆమె బూటు ముందున్న మంచు పెళ్ళ విరిగి, చప్పుడు లేకుండా కిందికి జారిపోయింది.

బురుల్చా గుర్రం మీంచి దూకి, పరిగెత్తి కోటు పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ కూలబడ్డారు.

"సిగ్గులేనిదానా! మీ మామ పేరెత్తుతావా?" ముసలావిడ గసపెడుతూనే తిట్టింది.

"ఎత్తకపోతే మీరు ఆయన దగ్గరికే పోయేవారు! ఈ చప్పుడంతా మీదేనా అత్తయ్యా? ఊరంతా దెయ్యం అంటోంది..."

"అననీ. నేనే అననిచ్చాను. దెయ్యముంటే సూయున్‌బాయ్ గొర్రెలు ఇటు రావు. నీకు చెబితే రానిచ్చేదానివా నన్ను?"

బురుల్చాకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. లేచి బట్టలు దులుపుకుంది.

"పై వరసలు కూడా మీరే తొక్కారా? ఈ మోకాళ్ళతోనా?"

ముసలావిడ టోపీ తీసి చెవి ఒగ్గింది. తర్వాత చాలా మెల్లగా అంది —

"నేనెప్పుడూ కింది రెండు వరసలేనే. పైవి... పొద్దున చూసేసరికి తొక్కి ఉండేవి. ఇందాక ఆ చప్పుడు వెంటే పైకి వెళ్ళబోయి అంచు దాకా వచ్చాను."

ఇద్దరూ విన్నారు.

చప్పుడు లేదు. గాలి కూడా లేదు. పై వాలులో సగం వరస దాకా ప్రతి మొక్క చుట్టూ మంచు గుండ్రంగా, గట్టిగా తొక్కి ఉంది. ఆ తర్వాత మొక్క దగ్గర ఒకే ఒక్క అడుగు. రెండోది పడలేదు.

ముసలావిడ మంచులో పడిపోయిన తన చేతికర్ర కోసం చెయ్యి చాపింది.

"చూస్తావేమే? ఆయన్నీ ఆగమన్నది నువ్వేగా. ఇక మిగతావన్నీ మనమే తొక్కాలి."