మగమొక్కలు ఏమయ్యాయి?

తెల్లారేసరికి తమీమూంత్ మడి బోసిపోయి ఉంది.

మొరాకోలోని కెతామా కొండవాలులో మెట్టుమెట్టుగా దిగే చేలన్నీ పచ్చగానే ఉన్నాయి. ఆవిడ మడిలో మాత్రం వరసగా గుంటలు. గంజాయి మొక్కలన్నీ వేళ్లతో సహా మాయం.

లైసెన్సున్న చేనే. కానీ పోయింది మామూలు పంట కాదు, విత్తనపు పంట. నాటు రకాన్ని పరదేశపు రకంతో కలిపి, ఏటేటా ఏరి, తమీమూంత్ బిడ్డలా సాకిన సంకరం అది. మార్చిలో మేకల ఎరువేసి చల్లితే చాలు. ఆపైన నీళ్లడగదు, రాళ్లకు జంకదు. బావులెండిన ఆ కొండ మీద దానికంటే మొండిది తమీమూంత్ ఒక్కతే.

ఇన్‌స్పెక్టర్ మొహంద్ జీపు దిగేలోపే ఆవిడ దొంగ పేరు చెప్పేసింది. పక్కచేను అల్లాల్. గట్టు తగాదాతో ఏళ్లుగా మాటల్లేవు. అడిగితే అల్లాల్, తనకు ఆవిడ మొక్కలూ వద్దు, ఆవిడ మొహమూ వద్దన్నాడు.

మొహంద్ గుంటల వెంట మెల్లగా నడిచాడు.

"లల్లా," అని పెద్దావిణ్ని పిలిచినట్టు మర్యాదగా పిలిచాడు. "ఇందులో మగమొక్కలున్నాయా?"

"విత్తనం కట్టాలని కొన్ని ఉంచాను. తతిమ్మావి జూన్‌లోనే పీకి మేకలకు పడేశా."

"ఉంచినవి ఏవి?"

తమీమూంత్ వెతికింది. అవీ లేవు.

మొహంద్ ఫోన్‌లో సెర్చ్ వారెంట్ అడిగాడు.

సాయంత్రం సహకార సంఘం వరండాలో ఊరు చేరింది. పుదీనా టీ చల్లారిపోతోంది. తమీమూంత్, అల్లాల్ ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. మధ్యలో రెద్వాన్. విత్తనాల కంపెనీ ఏజెంటు. ఆ రకాన్ని కొంటానని వచ్చి రెండుసార్లు తిట్లు తిని వెళ్లినవాడు.

"మనూరి దొంగ పువ్వు కోసం వస్తాడు," అన్నాడు మొహంద్. "మగమొక్కకి మత్తిచ్చే పువ్వు రాదు, పైసా రాదు. దాన్ని మోసుకెళ్లేంత పిచ్చోడు ఈ కొండ మీద లేడు. ఆడా మగా రెండూ కావాల్సింది విత్తనం కట్టించుకునేవాడికే. ఏం రెద్వాన్, మీ షెడ్డులో ఈ మొక్కలున్న కుండీలన్నీ మావాళ్లు తెచ్చేశారు. చూస్తావా?"

రెద్వాన్ బుకాయించలేదు. ఇంకా ఎవరి చేతికీ పోని రకమైతేనే కంపెనీ పేరున రిజిస్టరవుతుందని, అందుకే తొందరపడ్డానని ఒప్పుకున్నాడు. తర్వాత తమీమూంత్ వైపు తిరిగాడు.

"నన్ను లోపలేస్తారు, సరే. కంపెనీ ఇంకొకణ్ని పంపుతుంది. ఎన్నాళ్లు కాపలా కాస్తావమ్మా? చివరికి నీ విత్తనం నువ్వే మా దగ్గర కొనుక్కోవాలి."

అది నిజమని మొహంద్‌కు తెలుసు. ఒళ్లు మండింది, కానీ కంపెనీకి బేడీలు వెయ్యడం అతని వల్ల కాదు.

తమీమూంత్ లేచి ఇంటికి వెళ్లింది. ఆ రకానివే నిరుటి విత్తనాల జాడీ ఎత్తుకొచ్చింది. తిన్నగా అల్లాల్ ముందు నిలబడింది.

"పొద్దున నోరు జారాను. పట్టు."

అల్లాల్ గడ్డిటోపీ తీసి చాపాడు. ఆవిడ దోసిలి నిండా పోసింది. పక్కవాడికి పోసింది. ఆ పక్కావిడకీ పోసింది.

రెద్వాన్ మొహం పాలిపోయింది. "అమ్ముకుంటే మేడ కట్టుకునేదానివి."

"కట్టుకునేదాన్నే." ఆవిడ చెయ్యి ఆగలేదు. "ఇప్పుడిది అందరి చేతికీ పోయింది, మీ పేరున రిజిస్టరవదు. ఇక ఊరంతా ఇదే చల్లుతారు. ఎన్ని చేలు పీకుతావో పీకు."