రెండు వాట్ల పెట్టెలు

వాట్ల మేస్త్రీ అంటే ఆ నాలుగు వీధుల్లో తెలియనివాళ్ళు లేరు. ఎవరు పాత స్పీకరు మోసుకుని కొట్టుకు వచ్చినా, కూర్చోమనైనా అనకుండా, "దీనికి ఎన్ని వాట్లు పోస్తున్నారు?" అని అడగడం అతని అలవాటు. ఆ అడగడంలోనే సగం అనుమానం వినిపించేది. ఎదుటివాళ్ళు చెప్పే మాటలో సగమే నమ్మేవాడు, ఆ సగమైనా మీటరు పెట్టి చూశాకే. పెళ్ళాం కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినా వేలు ముంచి చూసుకునే రకం.

అలాంటివాడు ఆ మధ్యాహ్నం సంచిలో స్క్రూడ్రైవర్లు, చంకలో తను స్వయంగా చేసిన చిన్న యాంప్లిఫయరు పెట్టుకుని అక్క ఇంటికి బయల్దేరాడు. బావ పోయి ఎనిమిది నెలలైంది. అక్క సరిగ్గా తినడం లేదు, నిద్రపోవడం లేదు. ఆ సంగతి ఆమె మరిది ఫోన్ చేసి చెప్పాడు. "మీ అక్క పొద్దస్తమానం ఆ స్పీకర్ల ముందే కూర్చుంటోందండీ. పాటైనా పెట్టదు. ఉత్త చప్పుడు వింటుంది." జాలిగానే చెప్పాడు పాపం. కానీ ఆ జాలి మేస్త్రీకి నచ్చలేదు. బావ వాడిన బుల్లి యాంప్లిఫయరు మూలన పడేసి, వంద వాట్లది తెచ్చి తగిలించింది ఆ మరిదే. ఆ స్పీకరు పెట్టెల మీద మరిదికి ఎప్పట్నుంచో కన్నుంది. వదిన్ని పిచ్చిదాన్ని చేసి పెట్టెలు పట్టుకుపోదామని చూస్తున్నాడేమో, ఎవరు చూడొచ్చారు?

ఏది ఏమైనా అక్కని ఆ సాయంత్రానికల్లా తన ఇంటికి తీసుకుపోవాలి. తన భార్య, ఇద్దరు పిల్లల మధ్య నాలుగు ముద్దలు తిని ఒక్క రాత్రి కంటినిండా నిద్రపోతే మనిషి దారిలో పడుతుంది. అతను వచ్చింది అందుకే.

మూడో అంతస్తు. తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల పాత చెక్క, కాలిన దుమ్ము కలిసిన వాసన. కిటికీలోంచి బోలెడంత వెలుతురు పడుతోంది. గోడవారగా ఛాతీ ఎత్తున రెండు స్పీకరు పెట్టెలు, బావ కంటే వయసులో పెద్దవి. ఎదురుగా సోఫాలో అక్క. కళ్ళ కింద నల్లటి గుంటలు, జబ్బల దగ్గర వదులైపోయిన జాకెట్టు.

"తిన్నావా అక్కా?"

"ష్..." అంది ఆమె. "మెల్లగా మాట్లాడరా."

అప్పుడు విన్నాడు. రెండు పెట్టెల్లోంచీ సన్నగా, ఎడతెగకుండా బుస. అతనికి నవ్వొచ్చింది. ఇంతేనా! మామూలు స్పీకరు వంద వాట్లు తాగి చేసే గోల, ఇవి రెండు వాట్లకే చేస్తాయి. అంత సున్నితమైనవి. పెద్ద యాంప్లిఫయరు తనలో తాను గొణుక్కునే చప్పుడు వేరే ఏ స్పీకరైనా మింగేస్తుంది, ఇవి మాత్రం ఊరంతా చాటుతాయి. అందుకే బావ వీటికి రెండు వాట్లు దాటనిచ్చేవాడు కాదు.

"ఇందులో ఏం వింటున్నావే?" అని పక్కన కూర్చున్నాడు.

ఆమె చూపుడు వేలు ఎత్తి ఎడమ పెట్టె వైపు చూపించింది. ఎడమవైపు బుస ఒక్క క్షణం మందగించి మళ్ళీ మామూలైంది. ఆమె వేలు మెల్లగా గాలిలో జరిగి కుడి పెట్టె వైపు ఆగింది. ఈసారి కుడివైపు బుస మందగించింది.

కుళాయి పారుతుంటే, దాని ముందు నుంచి మనిషి నడిచి వెళ్తే, చప్పుడు మసకబారుతుంది కదా... అచ్చం అలా.

పెట్టెల ముందు ఎవరూ లేరు.

మేస్త్రీ ఒంటి మీద రోమాలు లేచాయి. మరుక్షణమే తనని తాను తిట్టుకున్నాడు. టంకం వదిలేసి ఉంటుంది. లేదా ఆ మరిది లోపల ఏదో అమర్చి ఉంటాడు, ఇదంతా వాడి నాటకమే. వింటున్నది మొగుడి అడుగుల చప్పుడనుకుంటోంది కాబోలు పిచ్చితల్లి, వదల్లేకపోతోంది.

"అక్కా, కాస్త టీ పెడతావా? గొంతు ఎండిపోతోంది."

ఆమె అయిష్టంగా లేచింది. వంటింటి గుమ్మంలో ఆగి, "దాన్ని మాత్రం ఆపకు," అంది.

"సరేలే."

ఆమె అటు తిరగగానే ఆపేశాడు. వంద వాట్లదాని మూత విప్పి, టార్చి వేసి మూలమూలా వెతికాడు. ఒక్క తీగ అదనంగా లేదు. ఒక్క టంకం ఊడలేదు. బంగారంలాంటి పనితనం. మరిది మీద పెట్టుకున్న అనుమానం చేతిలోంచి జారిపోతుంటే అతనికి ఉక్రోషం వచ్చింది. తన చిన్న యాంప్లిఫయరుకి పెట్టెల తీగలు తగిలించి మీట వేశాడు. లోపలి గాజు వాల్వులు ఎర్రగా వెలిగాయి. పెట్టెకి చెవి ఆనించి విన్నాడు. ఏమీ లేదు... పత్తిమూటకి చెవి పెట్టినట్టుంది. పెట్టెకి తగ్గ వాట్లంటే ఇదీ అనుకుని మురిసిపోయాడు.

వెనక గ్లాసు పగిలింది.

గుమ్మంలో అక్క నిలబడి ఉంది. టీ నేల మీద పారుతోంది. ఆమె కళ్ళు గదంతా వెతుకుతున్నాయి. ముందు కుర్చీ. తర్వాత అలమర పక్క. తర్వాత తలుపు వెనక.

"ఎందుకు తీశావురా?" గుసగుసగా అంది. "ఇప్పుడది ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?"

"అది కాదక్కా... బావ పోయాడు. ఇలా ఎన్నాళ్ళు వింటావు?"

"బావ అని నీతో ఎవరన్నారు?"

అతను పెట్టె మీంచి చెయ్యి తీసేశాడు.

"మీ బావే మొదట కనిపెట్టాడు," అంది గోడకి వీపు ఆనించి. "పాట మధ్యలో ఎవరో అడ్డమొస్తున్నారనేవాడు. పాట ఆగితే ఎక్కడుందో అంతుబట్టేది కాదు. చివరి పది రోజులూ పాట ఆపనివ్వలేదు. ఆ రోజు నేనే... చెవులు చిల్లులు పడుతున్నాయని ఆపేశాను. నీళ్ళు పట్టుకొచ్చేసరికి సోఫాలోనే పోయాడు."

"మరి ఈ వంద వాట్లది?"

"నేనే తెప్పించుకున్నాను. మరిదిని బతిమాలి. పాటల మధ్య ఖాళీ ఉంటుంది. దీనికి ఖాళీ ఉండదు."

"మా ఇంటికి వచ్చేయక ఇక్కడ ఎందుకు పడున్నావే?" అన్నాడు.

"పిల్లలున్న ఇంటికి తీసుకురమ్మంటావా దాన్ని?"

ఎనిమిది నెలలు. అన్నం మాని, నిద్ర మాని, అక్క కూర్చున్నది మొగుడి కోసం కాదు. కాపలా కాస్తోంది. అతనికి సిగ్గేసింది, ఆ సిగ్గుని మించి భయమేసింది. చిన్నదాన్ని పీకి, గబగబా తీగలు మళ్ళీ పెద్దదానికి బిగించాడు. ఒక స్క్రూ జారి ఎటో దొర్లింది. పోనీ. మీట వేశాడు.

బుస వచ్చింది.

ఇద్దరూ సోఫాలో పక్కపక్కన కూర్చున్నారు. ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది. ఎడమ పెట్టె... నిండుగా ఉంది. కుడి పెట్టె... నిండుగా ఉంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఎక్కడా మందగించలేదు.

"పోయిందేమో," అన్నాడు మెల్లగా.

"ఆగు."

అప్పుడు తగ్గింది. ఎడమా కాదు, కుడీ కాదు... రెండూ ఒకేసారి. మెల్లమెల్లగా, ఎవరో దగ్గరికి వస్తున్నట్టు. ఇంకా తగ్గింది. ఇంకా. ఆఖరికి వినిపించీ వినిపించనట్టయింది.

"అక్కా... రెండు వైపులా పడిపోయింది."

ఆమె తల తిప్పి అతని వంక చూసింది. చాలాసేపు చూసింది. "లేదురా," అంది. "నాకు బాగానే వినిపిస్తోంది."

ఆమె చెయ్యి అతని మోచేతి మీంచి జారింది. ముఖంలో బిగువు సడలింది. ఏదో చెప్పాలని చూసింది. పెదవులు కదిలాయి గానీ మాటలు అతనిదాకా రాలేదు. పెద్దగా ఆవులించింది. తల సోఫా వీపుకి వాల్చిందో లేదో నిద్రలోకి జారిపోయింది. ఎనిమిది నెలల నిద్ర.

అతను లేచి ఎడమవైపు ఒక అడుగు వేశాడు. ఎడమ చెవిలో బుస గాలిలా తాకింది... మళ్ళీ మూసుకుపోయింది. కుడివైపు వేశాడు. అలాగే. గదిలో ఎక్కడ నిలబడినా, అది కూడా వచ్చి అతని ఎదురుగా నిలబడుతోంది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళైంది. గుమ్మం వైపు చూశాడు. దాటితే అది తన వెంటే ఇంటిదాకా వస్తుంది.

కనీసం ఎక్కడుందో తెలియాలి. యాంప్లిఫయరు ముందు మోకాళ్ళ మీద కూలబడి, వెనక ఖాళీగా వేలాడే, పాట లోపలికి వెళ్ళే తీగ పట్టుకున్నాడు. దాని మొన మీద వేలు పెడితే స్పీకర్లు బర్రుమంటాయి. పాడైందో బాగుందో చూడ్డానికి అతను రోజుకి ఇరవై సార్లు చేసే పనే. వాల్యూము ఆ చివరికంటా తిప్పాడు. జన్మలో ఈ పెట్టెలకి అంత ఎవరూ పోసి ఉండరు. వేలు పెట్టాడు.

ఏమీ వినిపించలేదు.

పాడైందేమోనని అనుమానమొచ్చింది. వేలు తీయకుండానే కిటికీలోంచి చూశాడు. ఎదురింటి పెద్దాయన ఒక్క పరుగున బాల్కనీలోకి వచ్చాడు. రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని, ఇటే చూస్తూ ఏదో అరుస్తున్నాడు.

సోఫాలో అక్క అంత మోతలోనూ హాయిగా నిద్రపోతోంది.