పొగసాల తలుపు పక్క బల్ల

హోబర్ట్ హోటల్లో పొగసాల తలుపు పక్కన ఉండే బల్ల దగ్గర ఎవరూ కూర్చోరు.

కూర్చోవద్దని బోర్డేమీ లేదు. పైకి చెప్పేవాళ్లూ లేరు. అయినా శుక్రవారం సాయంత్రం చర్చిలో పాటల ప్రాక్టీసు ముగించుకున్నవాళ్లు, పొగాకు పొలాల్లోంచి వచ్చినవాళ్లు అందరూ ఒక్కసారే ఎగబడినా, చోటు దొరక్క గోడలకు ఆనుకుని ప్లేట్లు చేత్తో పట్టుకుని తింటున్నా… ఆ బల్ల ఖాళీగానే ఉంటుంది. ఎర్రగళ్ల గుడ్డ ఉంటుంది. మిరప వేసిన వెనిగర్ సీసా ఉంటుంది. మనిషే ఉండడు.

ఎందుకంటే అక్కడ కూర్చుంటే చప్పుడు వినిపిస్తుంది.

ఇనప పార సిమెంటు నేల మీద గీసుకునే చప్పుడు. గర్ర్… ఆగుతుంది. మళ్లీ— గర్ర్…

తలుపుకు అవతల పొగసాల. మార్చిలో ఓథా పోయిన దగ్గర్నుంచీ ఆ తలుపుకు తాళమే. ఓథా అంటే, వయసంతా ఆ గాడిపొయ్యికి ధారపోసిన మనిషి. కట్టెలు కాలి కణకణలాడే నిప్పులయ్యాక వాటిని పారతో ఎత్తి పొయ్యిలో పరిచి, నిండు పందిని తెల్లవార్లూ కాల్చేవాడు. అతను పోయాక హోబర్ట్ గ్యాసుకు మారిపోయానని అందరికీ చెప్పుకున్నాడు.

సరే. మరి తాళం వేసిన సాలలో పార గీసేదెవరు? గ్యాసు మీద ఉడికిన మాంసానికి హికరీ కట్టె వాసన ఎక్కడిది? చీకటి పడ్డాక ఆ పొగగొట్టంలోంచి సన్నగా లేచేదేమిటి?

ఊరంతా ఒకటే జవాబు చెప్పుకుంది, గొంతు తగ్గించి.

"ఓథా ఇంకా డ్యూటీ దిగలేదు."

ఆ మాట తిరిగి తిరిగి, ఒక ఆదివారం చర్చి మెట్ల మీద, ఓథా భార్య వెర్నీస్ చెవిన పడింది.

నవ్వేసి ఊరుకుందామనుకుంది. చేత కాలేదు. ఊరికి తెలియని సంగతి ఒకటి ఆమెకు తెలుసు మరి. పొగ వాసన ఆమె ఇంట్లో కూడా వస్తోంది.

తెల్లవారుజామున వస్తుంది. కళ్లు తెరవకుండానే ముక్కు పసిగట్టేస్తుంది. హికరీ పొగ, కొవ్వు, చెమట… అచ్చం ఓథా. బతికున్నన్నాళ్లూ ఆ వేళకే ఇల్లు చేరేవాడు. గుమ్మంలో నిలబడి దగ్గేవాడు. ఆ దగ్గు విన్నాకే ఆమెకు అసలు నిద్ర పట్టేది. మనిషి వచ్చేశాడు కదా అని.

చివరికి ఆ దగ్గే అతన్ని తీసుకుపోయింది. పొగ లోపలంతా తినేసింది. ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని వెర్నీస్ అతని చెయ్యి పట్టుకుని చెప్పింది— "ఇక విశ్రాంతే ఓథా. నిన్నెవరూ పొగలోకి పిలవరు. నేను పిలవనివ్వను." ఆ తర్వాత కూతురు మెల్వినా చేత బైబిలు మీద చెయ్యి వేయించి ఒట్టు వేయించుకుంది, మన ఇంటి మనిషెవరూ మళ్లీ ఆ గాడిపొయ్యి గడప తొక్కకూడదని. పిల్ల ఒట్టు వేసింది. కోళ్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టుకు కుదురుకుంది.

అంతా చేసినా… చచ్చాక కూడా ఆ మనిషి చేతిలోంచి పార దిగలేదా? సమాధిలో పెట్టింది ఉత్త ఒంటినేనా?

రాత్రి పూట అటు దొర్లి, ఇటు దొర్లి, లేచి కూర్చుని, కిటికీ తీసి, మళ్లీ మూసి… వెర్నీస్‌కి పిచ్చెక్కినంత పనైంది. చివరికి తేల్చుకుంది. వెళ్లాలి. ఆ తలుపు తీయాలి. మొహం మీద చెప్పాలి— చాలు, ఇక పడుకో అని.

ఆ శుక్రవారం పొద్దు వాలాక హోటల్లో అడుగు పెట్టింది. ఎటూ చూడకుండా నేరుగా వెళ్లి ఆ బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది.

హాల్లో తలలన్నీ అటు తిరిగాయి.

వడ్డించే డాట్ పరుగున వచ్చింది. "అయ్యో మిస్ వెర్నీస్, ఇక్కడెందుకు! ఫ్యాను కింద ఇప్పుడే ఖాళీ అవుతోంది, నే తుడిచి పెడతాగా…"

"ఇక్కడ బానే ఉంది డాట్."

పక్క బల్ల నుంచి ముసలి క్లీవ్ మెడ సాచాడు. ఈ హోటల్లో అతను తినని శుక్రవారం లేదు, వాగని శుక్రవారం అంతకన్నా లేదు. "సిస్టర్ వెర్నీస్! మా బావమరిది ఓసారి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ దెబ్బతో పంది మాంసం ముట్టడమే మానేశాడు."

"దెయ్యాన్ని చూశాడా?"

"లేదు, డాక్టర్ని చూశాడు. కానీ డాక్టరు వద్దన్నాడంటే పరువేముంటుంది చెప్పు? దెయ్యమంటే కాస్త దర్జా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. వెర్నీస్ నవ్వలేదు. క్లీవ్ తన ప్లేటు మీదికి తల దించేసుకున్నాడు.

ముందు వైపు హోబర్ట్ మొద్దు మీద మాంసం కొడుతున్నాడు. రెండు చేతుల్లో రెండు కత్తులు, టకటక టకటక. తల ఎత్తి వెర్నీస్ ఎక్కడ కూర్చుందో చూశాడు. టకటక ఆగిపోయింది.

"వెర్నీస్… రా, ఇటొచ్చి నా ఎదురుగా కూర్చో. ఎన్నాళ్లైంది చూసి."

"మా ఆయన పక్కన కూర్చున్నాలే హోబర్ట్. నీ పని నువ్వు చూసుకో."

డాట్ ప్లేటు తెచ్చి పెట్టింది. తరిగిన మాంసం, అందులో కరకరలాడే తోలు ముక్కలు, పక్కన క్యాబేజీ తురుము, మొక్కజొన్న పిండి బోండాలు. అడక్కుండానే గ్లాసు నిండా ఐసు వేసిన తీపి టీ. పెట్టేసి గబుక్కున వెనక్కి తగ్గింది— టీ కాస్త గుడ్డ మీద ఒలికింది.

వెర్నీస్ ఒక్క ముక్క నోట్లో పెట్టుకుంది.

నమలడం ఆగిపోయింది.

ఇది గ్యాసు కాదు. ఏ గ్యాసుకీ ఈ రుచి రాదు. తోలు ఇలా గాజులా పగలాలంటే పందిని సరైన అదనులో తిప్పాలి. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. రెండు ఇనప చట్రాల మధ్య పందిని బిగించి, ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు పట్టుకుని, ఒకే ఊపులో బోర్లా ఉన్నదాన్ని వెల్లకిలా తిప్పాలి. ఓథా ఇంటికొచ్చి పడుకోబోయే ముందు పాఠం చెప్పినట్టు చెప్పేవాడు— "తిప్పేటప్పుడు అవతలివాడి మొహం చూడకూడదు వెర్నీస్. నీ వైపే చూసుకోవాలి. తల ఎత్తావా, చెయ్యి దిగుతుంది. చెయ్యి దిగిందా, కొవ్వు నిప్పులో పడుతుంది. కొవ్వు పడిందా… ఇక కొంపే ఉండదు." తనకు సాయం పట్టేవాడితో కూడా మాట్లాడేవాడు కాదట. చట్రం మీద వేలి ఉంగరంతో రెండుసార్లు కొట్టేవాడు. టంగ్, టంగ్. సిద్ధం అని.

అప్పుడు వినిపించింది.

గర్ర్…

తలుపుకు అవతల. చెయ్యి చాస్తే అందేంత దగ్గర.

క్లీవ్ ఫోర్కు కింద పెట్టేశాడు. టోపీ అందుకుని, టీ కూడా తాగకుండా లేచిపోయాడు. అతని వెనకే మరో ఇద్దరు.

గర్ర్… మళ్లీ.

వెర్నీస్ ప్లేట్లోంచి రెండు బోండాలు తీసి కాగితం రుమాల్లో చుట్టింది. ఓథా తను కాల్చిన పందిని తను తినేవాడు కాదు. రాత్రంతా రెండు బోండాలతోనే గడిపేవాడు. ఆ పొట్లం గుప్పిట్లో బిగించి, వంటింటి పక్కగా పెరట్లోకి నడిచింది.

"మిస్ వెర్నీస్! అటు కాదు, అటు లైటు లేదు—" డాట్ గొంతు వెనకే ఆగిపోయింది.

లైటు లేని మాట నిజమే. కానీ పెరడు చీకటిగా లేదు.

కట్టెలు మండించే ఇనప పీపా ఎర్రగా వెలుగుతోంది. అడుగున నిప్పులు చిటపటమంటున్నాయి. పక్కన హికరీ దుంగలు… కొత్తగా చీల్చినవి. వాటి మీద పచ్చి కట్టె వాసన ఇంకా పోలేదు.

దెయ్యం కట్టెలు చీలుస్తుందా?

పొగసాల పెరటి తలుపు ఓరగా తీసి ఉంది. తాళం హోటల్ వైపు తలుపుకే. ఇటువైపు ఎవరూ వచ్చి చూసిన పాపాన పోలేదు.

వెర్నీస్ తలుపు తోసింది.

పొగ. కళ్లు మండాయి. గాడిపొయ్యి పొడుగునా నిప్పుల కాంతి. ఇటు చివర, వీపు ఇటు పెట్టి, ఎవరో వంగి పారతో నిప్పులు సర్దుతున్నారు. ఓథా తోలు ఏప్రను. ఓథా టోపీ…

"ఓ—" అనబోయింది.

ఆ మనిషి దగ్గింది. సన్నటి దగ్గు. మూతికి కట్టుకున్న తడిగుడ్డ సర్దుకోవడానికి తల పక్కకు తిప్పింది.

మెల్వినా.

వెర్నీస్ ముందుకు ఉరకబోయింది. వెనక నుంచి ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు. హోబర్ట్. రొప్పుతున్నాడు.

"అరవకు వెర్నీస్… దండం పెడతా. పిల్ల బెదిరిపోతుంది. నిప్పు మీదుంది," అన్నాడు చెవిలో.

"కోళ్ల ఫ్యాక్టరీ?" అంది వెర్నీస్.

"ఒక్క వారం చేసింది. అక్కడ ఊపిరాడట్లేదని నా దగ్గరికొచ్చింది. చూడు, పొగలో ఊపిరాడుతుందట, అక్కడ ఆడదట! పని ఎప్పుడో నేర్చేసుకుందే. నీకు కాస్త కునుకు పట్టాక వాళ్ల నాన్న దగ్గరికొచ్చి నిలబడేది. చెబితే నువ్వు చంపేస్తావని నాచేత కూడా మాట తీసుకుంది. ఊళ్లో నేను గ్యాసని చెప్పింది అందుకే. జనం దెయ్యమన్నారు… అననీలే అని ఊరుకున్నా. దెయ్యమంటే ఎవరూ తలుపు తీయరుగా."

అంటే తెల్లవారుజామున ఇంట్లో వచ్చే వాసన… పిల్లదా. వచ్చీ రాగానే స్నానానికి పరిగెత్తడం, తన బట్టలు తనే ఉతుక్కోవడం…

వెర్నీస్‌కి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఒక్కసారే పోయాయి కూడా. ఓథా పడుకునే ఉన్నాడు. అంతే చాలు. పిల్ల సంగతి… ఇంటికి వెళ్లాక చెబుతా దీని సంగతి. బైబిలు మీద ఒట్టు వేసి!

"మరి తిప్పడానికి రెండో చెయ్యి? నువ్వేనా?" అంది గుసగుసగా.

"నేనా? ఈ నడుముతోనా? పాపం ఓథా శవపేటిక మోసిన రోజు పట్టేసింది, ఇంకా వదల్లేదు. ఎవర్నో కుదుర్చుకుందిలే. నేనడగలేదు."

లోపల మెల్వినా పార గోడకు ఆనించింది. పంది మీద రెండో చట్రం బోర్లించి, ఇటు చివర గట్టిగా పట్టుకుని, తల వంచేసింది. అవతలి చివర పొగ తెరలా నిలబడి ఉంది. ఏమీ కనిపించడం లేదు.

"హోబర్ట్ బాబాయ్, వచ్చావా?" అంది మెల్వినా— తల ఎత్తకుండా. అవతలి వైపుకి.

హోబర్ట్ వేళ్లు వెర్నీస్ మోచేతి మీద బిగుసుకున్నాయి.

టంగ్.

టంగ్.

ఇనప చట్రం మీద ఉంగరం.

ఆ ఉంగరం వెర్నీస్ మెడలో, గొలుసుకు వేలాడుతోంది. చెయ్యి దానంతట అదే వెళ్లి దాన్ని పట్టుకుంది. ఉంది. చల్లగా.

చట్రం లేచింది. ఇటు మెల్వినా చేతులు. అటు చివర పొగ… అయినా సమంగా, తూచినట్టు లేచింది. పంది గాల్లో నిలువుగా నిలబడింది.

"ఓ దేవుడా…" అనేశాడు హోబర్ట్, పైకే.

మెల్వినా భుజాలు ఉలిక్కిపడ్డాయి. హోబర్ట్ బాబాయ్ గొంతు… వెనక నుంచా? అవతల ఉండాల్సిన మనిషి గొంతు వెనక నుంచా? తల మెల్లగా పైకి లేవబోయింది. చెయ్యి జారింది. చట్రం ఓ పక్కకు ఒరిగింది. ఒక్క బొట్టు కొవ్వు నిప్పులో పడింది—

బుస్సుమని మంట లేచింది, ఆ పిల్ల మొహం ఎత్తున.

"తల ఎత్తకు!"

ఆ గొంతు తనదేనని వెర్నీస్‌కి కాసేపటికి గానీ తెలియలేదు.

"తల ఎత్తకు బేబీ. నీ వైపే చూసుకో."

మెల్వినా తల దించింది. ఒరిగిన చట్రాన్ని అవతలి చెయ్యి ఆగి, కాచుకుని, సరిచేసింది. పంది మెత్తగా తిరిగింది. వెల్లకిలా వాలింది. మంట తగ్గిపోయింది. మరో బొట్టు పడలేదు.

సాలంతా పొగ కమ్మేసింది. మెల్వినా దగ్గింది. హోబర్ట్ దగ్గాడు. వెర్నీస్ మెడకున్న రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి వింది. అవతలి చివరే చెవి పెట్టి వింది.

అటు ఎవరూ దగ్గలేదు.

అంత పొగలోనూ. ఒక్కసారి కూడా.

చాలు, పడుకో అని చెప్పడానికి వచ్చిన మాట ఆమె నాలుక చివరే ఉంది. అది అక్కడే ఉండిపోయింది. బోండాల పొట్లం తీసి తలుపు పక్క గట్టు మీద పెట్టింది.

"అమ్మా…?" అంది మెల్వినా. తల ఇంకా వంచే ఉంది. "అమ్మా, నువ్వా… నేను చెబుదామనే… హోబర్ట్ బాబాయ్ నీ పక్కనే ఉన్నాడా? మరి అవతల—"

వెర్నీస్ లోపలికి నడిచింది. కూతురి వెనక నిలబడి, ఆ టోపీ మీద చెయ్యి వేసి నెమ్మదిగా కిందికి నొక్కింది.

"నీ వైపే చూసుకోమన్నానా."