కీ.శే. పైడయ్య సాక్ష్యం

టెక్కలి. ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూ. ఉదయం పది గంటలు.

ఏజెంట్ గౌరీశంకర్ వార్డుబాయ్ వేషంలో నేల తుడుస్తున్నాడు. చెవిలో చొక్కా బటనంత ఇయర్‌పీస్. అందులో చీఫ్ గొంతు.

"పైడయ్య సంగతేమిటి?"

"గుండె ఎడమ గోడ కదలడం లేదు సార్. స్పృహ కూడా లేదు."

"అయితే పోయినట్టే. రిపోర్టులో పేరు ముందు కీ.శే. అని టైప్ చేయించేశాను. మిషన్ క్లోజ్."

పైడయ్య డొంకూరు జాలరి. మన తీరంలోని రాడార్ల మ్యాపును విదేశీ పడవకు అందించిన మనిషిని కళ్లారా చూసింది అతనొక్కడే. మ్యాపు అందించిన ఆమె కోడ్‌నేమ్ మైనా. రెండు దేశాల జీతాలు తీసుకునే డబుల్ ఏజెంట్. మెసేజ్‌లే తప్ప ముఖం ఎవరికీ చూపలేదు. వాంగ్మూలం ఇవ్వడానికి వస్తూ పైడయ్య గుండెపోటుతో ఆటోలోనే కూలిపోయాడు.

అతనెవరో తెలిసిన డాక్టర్ చందన మానిటర్ దగ్గర నుంచి కదలడం లేదు.

"మూసుకున్న రక్తనాళం తెరిచాం. కానీ రెండు గంటలు రక్తం అందలేదు. కదలని కండరమంతా చచ్చినట్టు కాదండీ. కొంత మొద్దుబారి ఉంటుంది. అది కొవ్వును పక్కనపెట్టి గ్లూకోజ్ లాక్కుంటుంది. లాక్కుంటోందంటే బతికున్నట్టే."

"లాక్కుంటోందా?"

"పెట్ స్కాన్ తీస్తే తెలుస్తుంది. అది విశాఖలో ఉంది. ఈ స్థితిలో అంత దూరం తీసుకెళ్లలేం."

కిటికీ బయట బండి మీద అల్లం టీ పొంగుతోంది. ఎంత బాగుందో ఆ వాసన. అయినా గౌరీశంకర్ మనసు తేలికపడలేదు.

అప్పుడు వచ్చిందామె. వెలిసిన నూలు చీర కూడా ఆమె అందాన్ని దాచలేకపోయింది. చేతిలో క్యారేజీ.

"మావను ఓపాలి సూత్తాను బాబూ. నాను కోడల్ని, మంగని."

"ఏటి పని సేత్తావమ్మా?"

"పలాసలో జీడి ఫేక్టరీ. పప్పు గ్రేడింగు."

గౌరీశంకర్ పక్కకు తప్పుకున్నాడు. ఆమె దుప్పటి సర్ది, డ్రిప్ ట్యూబు మీద చెయ్యి వేసింది. వేళ్లు నల్లగా ఉన్నాయి.

అతని చేతిలో తుడుపుకర్ర ఆగిపోయింది.

అతని తల్లి అసిరమ్మ పలాసలో ఇరవై ఏళ్లు జీడిపిక్కలు కోసింది. తొక్కల నూనెకు వేళ్లు అలాగే నల్లబడ్డాయి. తెల్లపప్పుకు మరకంటుతుందని ఆ వేళ్లను ఏ మేస్త్రీ పప్పు ఏరే గ్రేడింగ్ గది గడప దాటనివ్వలేదు.

మైనా వేషం కాస్త ఎక్కువే వేసుకుంది.

అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గుప్పిట్లో దాచిన సిరంజి కింద పడింది. ఖాళీ సిరంజి.

"ఆలీసమైపోనాది బావా," అంది ఆమె నవ్వుతూ. "ఇన్సులిన్. నెత్తుట్లో పంచదార పడిపోద్ది. ఆ గుండె పస్తుతో ఆగిపోద్ది. రెండో ఎటాకని రాసుకుంటారు."

గౌరీశంకర్ ఆమెను మంచం కడ్డీకి బేడీ వేసి, డ్రిప్ లాగేశాడు. చందన పైడయ్య వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూసింది. డెబ్బైకి తగ్గకూడని షుగర్ అప్పటికే ముప్పై ఒకటి. మానిటర్ మీద గీత నీరసించింది. బీట్‌కీ బీట్‌కీ మధ్య దూరం పెరిగింది.

ఆమె రెండో చేతికి ఒక సిరంజి నిండా డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజే, ఎక్కించింది. ఏమీ లేదు. ఇంకొకటి. గీత చదునుగా సాగింది.

తర్వాత ఒక బీట్. కాసేపటికి మరొకటి.

"లాక్కుంటోంది," అంది చందన, స్కాన్ లేకుండానే.

అరగంటకి పైడయ్య కళ్లు తెరిచి, బేడీలున్న మనిషి వైపు చూశాడు.

"ఇదే బాబూ. ఆ పడవకాడ నిలబడ్డది ఇదే."

ఇయర్‌పీస్‌లో చీఫ్ అన్నాడు, "గుడ్. కానీ కీ.శే. తీసెయ్యాలంటే ఢిల్లీ నుంచి అనుమతి రావాలి."

ఆ అనుమతి ఇంకా రాలేదు. రికార్డుల్లో స్వర్గంలో ఉన్న పైడయ్య, వార్డులో మాత్రం టీలో పంచదార తక్కువైందని నర్సుతో రోజూ గొడవపడుతున్నాడు.